తూచి లెక్కపెట్టే సబ్జెక్టు: ఇంటర్ కెమిస్ట్రీ మీద ఒక ప్రసంగం

(ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరుతున్న పిల్లలకూ, వాళ్ల తల్లిదండ్రులకూ శ్రీకాకుళంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది. తడబాట్లు మాత్రం తీసేశాం.)

వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చేయండి. ముందు రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి. ముందు కూర్చుంటే ప్రశ్నలు వేస్తానని భయమా? వెనక కూర్చున్నా వేస్తాను, దానికీ దీనికీ సంబంధం లేదు.

సరే. చేతులెత్తండి చూద్దాం. కెమిస్ట్రీ అంటే బట్టీ సబ్జెక్టు అనుకునేవాళ్లెవరు? మొహమాటపడకండి, ఎత్తండి. సగం మందికి పైనే ఉన్నారు. ఇప్పుడు రెండో ప్రశ్న. లెక్కలంటే భయమేసి బైపీసీ తీసుకున్నవాళ్లెవరు? అదిగో, మళ్లీ అవే చేతులు! మీకో చేదు మాట చెప్పాలి. ఎంపీసీలో మ్యాథ్స్ ఉంటుంది, మీకు ఉండదు. బాగానే ఉంది. కానీ ఇద్దరికీ కెమిస్ట్రీ ఉంది. కెమిస్ట్రీలో లెక్కలున్నాయి. తప్పించుకోలేరు.

కంగారు పడకండి. ఆ లెక్క కష్టమైంది కాదు. గుణకారం, భాగహారం, నిష్పత్తి, కొంచెం లాగరిథమ్. ఏడో తరగతి త్రైరాశికం వచ్చినవాడికి ముప్పాతిక వచ్చినట్టే. వచ్చిన చిక్కల్లా ఏటంటే, ఏది దేనితో గుణించాలో తెలియకపోవడం. అది ఎందుకు తెలీదు? మోల్ దగ్గర సరిగ్గా ఆగకపోవడం వల్ల. మొదటి నెలలో ఆ చాప్టరు చెప్పేస్తారు, మీరు ఇంకా కొత్త కాలేజీ, కొత్త స్నేహితులు, కొత్త బస్సు పాసు గొడవల్లో ఉంటారు. అది దాటిపోతుంది. ఆ తర్వాత రెండేళ్లూ దాని వడ్డీ కడుతూనే ఉంటారు.

అందుకని నేను చాప్టర్లన్నీ ఏకరువు పెట్టను. మోల్ గురించి చెప్తాను, తర్వాత ఒక్క టైట్రేషన్, అంటే గాఢత తెలిసిన ద్రావణంతో తెలియనిదాని గాఢత కనుక్కోవడం, మొదటి నుంచి చివరి దాకా చేద్దాం. ఆ ఒక్కదాన్నే పట్టుకుంటే మిగతా చాప్టర్లు ఎలా వచ్చి కలుస్తాయో మీరే చూస్తారు.

పలాస వైపు నుంచి వచ్చినవాళ్లున్నారా? ఉన్నారు, మంచిది. జీడిపప్పు డబ్బా మీద డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని రాసుంటుంది, చూశారా? 320 అంటే ఏటి? ధర కాదమ్మా. ఒక పౌను బరువుకి 320 పప్పుల దాకా తూగుతాయని. 240 అంటే 240 పప్పులే, అంటే పప్పు పెద్దది, అందుకే రేటూ ఎక్కువ. పౌను అంటే 454 గ్రాములు. మరి డబ్ల్యూ 320 రకం కిలో తూస్తే ఎన్ని పప్పులుంటాయి? 1000ని 454తో భాగించి 320తో గుణించండి. 705 దాకా వస్తాయి. ఎవరైనా కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెట్టారా? లేదు. తూచారు. తూస్తే లెక్క తెలిసిపోయింది.

మోల్ అంటే ఇంతే. అణువుల్ని లెక్కపెట్టలేం కాబట్టి తూస్తాం. 12 గ్రాముల కార్బన్ తూస్తే అందులో 6.022 × 10²³ పరమాణువులు. 18 గ్రాముల నీళ్లు తూస్తే అన్నే నీటి అణువులు. 58.5 గ్రాముల ఉప్పు తూస్తే అన్ని సోడియం అయాన్లు, అన్ని క్లోరైడ్ అయాన్లు. 2019 మే 20 నుంచి ఆ సంఖ్యని 6.02214076 × 10²³ అని ఖాయం చేసేశారు. మీకు లెక్కల్లో 6.022 చాలు, కొన్నిచోట్ల 6 వేసుకున్నా నడుస్తుంది.

ఇక్కడ పిల్లలు ఎక్కడ పడతారో చెప్తాను, రాసుకోండి. ఒకటి: "ఒక మోల్ ఆక్సిజన్" అంటే 16 గ్రాములా, 32 గ్రాములా? పరమాణువులా, అణువులా అని చూడాలి. వాయువు అంటే 32. రెండోది: 22.4 లీటర్లు. ఈ అంకె కనబడగానే పిల్లలకి ప్రాణం లేచొస్తుంది, అన్నిటికీ వాడేస్తారు. అది వాయువులకి మాత్రమే, సున్నా డిగ్రీల సెల్సియస్, ఒక అట్మాస్ఫియర్ దగ్గర మాత్రమే. ఒక మోల్ నీళ్లు ఎంత? 22.4 లీటర్లు అని రాసినవాళ్లున్నారు! 18 గ్రాముల నీళ్లు, 18 మిల్లీలీటర్లు, రెండు గుక్కలు. అంతే. మూడోది: స్ఫటిక జలం. ఆక్సాలిక్ ఆసిడ్‌కి అణుభారం 90. కానీ ల్యాబ్‌లో సీసాలో ఉన్న తెల్లటి పలుకుల్లో ఒక్కో అణువుకి రెండు నీటి అణువులు అంటుకుని ఉంటాయి. కాబట్టి 126. దీని సంగతి ఇప్పుడే చూద్దాం.

ల్యాబ్‌లోకి వెళ్దాం రండి. బల్ల మీద ఆక్సాలిక్ ఆసిడ్, పొటాషియం పర్మాంగనేట్, డైల్యూట్ సల్ఫ్యూరిక్ ఆసిడ్. పని ఏటి? పర్మాంగనేట్ ద్రావణం గాఢత ఎంతో కనుక్కోవాలి. ఆ పర్మాంగనేట్‌నే నేరుగా తూచి కలుపుకోవచ్చు కదా, ఈ తిప్పలెందుకు? అడగాలి, ఈ ప్రశ్న అడగాలి. ఎందుకంటే పర్మాంగనేట్ నూటికి నూరుపాళ్లు శుద్ధంగా దొరకదు. అందులో కాస్త మాంగనీస్ డయాక్సైడ్ ఎప్పుడూ ఉంటుంది. వెలుతురు తగిలితే నిల్వ ద్రావణం కూడా మెల్లగా పాడవుతుంది, అందుకే గోధుమరంగు సీసాలో పెడతారు. తూచిన బరువుని నమ్మలేం. ఆక్సాలిక్ ఆసిడ్ స్ఫటికాలు అలా కాదు. శుద్ధంగా దొరుకుతాయి, గాలిలో తేమ పీల్చవు, తూచిన బరువు నిలకడగా ఉంటుంది. నమ్మకమైనదాన్ని తూచి, దాంతో నమ్మకం లేనిదాన్ని కొలుస్తాం.

250 మిల్లీలీటర్ల ద్రావణం, 0.05 మోలార్, అంటే లీటరు ద్రావణానికి 0.05 మోల్, కావాలి. ఎంత తూచాలి? 126 ఇంటూ 0.05 ఇంటూ 0.25. చెయ్యండి, చెయ్యండి, నోటితో కాదు, కాగితం మీద. 1.575 గ్రాములు. ఇప్పుడు ఎవరైనా స్ఫటిక జలం మర్చిపోయి 90 వేసుకున్నారనుకోండి, 1.125 గ్రాములే తూస్తారు. ద్రావణం 0.0357 మోలారే అవుతుంది. సీసా మీద మాత్రం 0.05 అని రాస్తారు. అక్కడి నుంచి ఎంత జాగ్రత్తగా చేసినా మొత్తం తప్పే. బ్యూరెట్‌ని, అదే కింద కొళాయి ఉన్న పొడుగాటి కొలత గొట్టాన్ని, తిట్టుకుని లాభం లేదు.

తూచినది చిన్న బీకర్లోనో వాచ్‌గ్లాసు మీదో ఉంటుంది. గరాటు పెట్టి 250 ఫ్లాస్కులోకి దించండి. తర్వాత వాచ్‌గ్లాసునీ గరాటునీ వాష్‌బాటిల్‌తో కడిగి ఆ కడుగునీళ్లు కూడా ఫ్లాస్కులోకే. పారబోయకండి, వాటిలో మీరు తూచిన సరుకు ఉంది! సగం దాకా నీళ్లు పోసి, పూర్తిగా కరిగేదాకా తిప్పండి. కరిగాకే పైదాకా పోయాలి. ఆఖరి అర సెంటీమీటరు చుక్కలు చుక్కలుగా. నీటి మట్టం కింది వంపు గీతకి తాకాలి, కన్ను గీతకి సరిగ్గా ఎదురుగా ఉండాలి. నిలబడి పైనుంచి చూసి "వచ్చేసింది" అనకండి, వంగండి. గీత దాటిందా, ఇక అంతే, మళ్లీ మొదటి నుంచి. పిపెట్‌తో, అంటే ద్రావణాన్ని పీల్చి కొలిచే గాజు గొట్టంతో, కాస్త తీసేస్తే సరిపోతుంది అనుకుంటారు. తీసేసేది నీళ్లు కాదు, ద్రావణం.

ఇంకోటి. 250 మిల్లీలీటర్ల నీళ్లు కొలిచి అందులో ఆసిడ్ కలపడం, ఆసిడ్ వేసి 250 గీతదాకా నింపడం, రెండూ ఒకటేనా? కాదు. మొలారిటీ అంటే లీటరు ద్రావణంలో ఎన్ని మోల్స్ అని, లీటరు నీళ్లలో అని కాదు. ఫ్లాస్కు మూత బిగించి పదిహేను ఇరవైసార్లు తలకిందులు చేయండి. ఇది మానేస్తే పైన పల్చగా, అడుగున చిక్కగా ఉంటుంది. మొదటిసారి ఒక రీడింగు, రెండోసారి ఇంకో రీడింగు. "సార్, కంకరెంట్ వాల్యూ రావట్లేదు" అంటారు, అంటే రెండుసార్లు ఒకటే రీడింగు రావట్లేదని. ఎలా వస్తుంది నాయనా?

ఇప్పుడు కడగడం. ఇది నేను ఎన్నిసార్లయినా చెప్తాను, విసుక్కోకండి. బ్యూరెట్‌లో పర్మాంగనేట్ పోస్తాం, పిపెట్‌తో 20 మిల్లీలీటర్ల ఆక్సాలిక్ ఆసిడ్ తీసి కోనికల్ ఫ్లాస్కులో వేస్తాం. బ్యూరెట్‌ని దేనితో కడగాలి? ముందు నీళ్లతో, ఆఖర్న పర్మాంగనేట్‌తోనే. పిపెట్‌ని? ముందు నీళ్లతో, ఆఖర్న ఆక్సాలిక్ ఆసిడ్‌తోనే. కోనికల్ ఫ్లాస్కుని? డిస్టిల్డ్ వాటర్‌తో మాత్రమే. ఎందుకీ తేడా? దీన్ని బట్టీ పట్టకండి, మోల్‌తో ఆలోచించండి. బ్యూరెట్‌లో నీటి తడి ఉంటే పర్మాంగనేట్ పలచబడుతుంది, ఎక్కువ పోయాల్సొస్తుంది, రీడింగు పెరుగుతుంది. పిపెట్‌లో తడి ఉంటే ఆక్సాలిక్ పలచబడుతుంది, రీడింగు తగ్గుతుంది. కోనికల్ ఫ్లాస్కులో నీళ్లు ఎన్ని ఉన్నా మనం వేసిన 20 మిల్లీలీటర్లలో ఉన్న మోల్స్ అన్నే ఉంటాయి కదా? నీళ్లు పోస్తే మోల్స్ పెరుగుతాయా? పెరగవు, తగ్గవు. అదే ఫ్లాస్కుని ఆక్సాలిక్‌తో కడిగారనుకోండి, గోడలకి అంటుకున్నది కలిసి మోల్స్ పెరుగుతాయి. చూశారా? గిన్నెలు కడగడంలో మోల్ కాన్సెప్ట్ మొత్తం ఉంది.

బ్యూరెట్ నింపాక గరాటు తీసేయండి. దాని కొస నుంచి ఒక చుక్క మధ్యలో జారితే మీ రీడింగు పోయింది. కొళాయి కింద కొసలో గాలి బుడగ ఉందా చూడండి. ఉంటే కొళాయి ఒక్కసారి పూర్తిగా తెరిచి ధారగా వదిలితే పోతుంది. బుడగ ఉండగా మొదలుపెడితే టైట్రేషన్ మధ్యలో అది బయటికొస్తుంది, ఆ ఖాళీ నిండడానికి పట్టిన ద్రావణం కూడా మీ లెక్కలో పడుతుంది. పర్మాంగనేట్‌కి రబ్బరు ట్యూబు ఉన్న బ్యూరెట్ పనికిరాదు, రబ్బరుని తినేస్తుంది, గాజు కొళాయిదే కావాలి. రీడింగు? మామూలుగా కింది వంపు చూస్తాం. పర్మాంగనేట్ ముదురు రంగు, కింది వంపు కనబడదు, కాబట్టి పై అంచు చూడాలి. మొదటి రీడింగు పై అంచు చూసి, ఆఖరి రీడింగు కింది వంపు చూసేవాళ్లున్నారు. రెండూ ఒకలాగే చూడండి.

పిపెట్ నోటితో లాగకండి. రబ్బరు బల్బు అడగండి. ఆక్సాలిక్ ఆసిడ్ విషం. వదిలేటప్పుడు కొసని ఫ్లాస్కు గోడకి ఆనించండి, దానంతట అది దిగిపోతుంది. కొసలో ఒక చుక్క మిగులుతుంది. దాన్ని ఊదకండి. ఆ చుక్క మిగులుతుందని ముందే లెక్క వేసి, పిపెట్ మీద 20 అని గీత పెట్టారు.

20 మిల్లీలీటర్ల ఆక్సాలిక్ ఆసిడ్‌కి ఒక టెస్ట్‌ట్యూబు డైల్యూట్ సల్ఫ్యూరిక్ ఆసిడ్ కలపండి. కాస్త ఎక్కువైతే నష్టం లేదు, తక్కువైతే నష్టం. ఎందుకో చెప్తాను. ఆసిడ్ సరిపడా ఉంటే పర్మాంగనేట్‌లో మాంగనీస్ ఆక్సీకరణ స్థితి ప్లస్ ఏడు నుంచి ప్లస్ రెండుకి దిగుతుంది, అయిదు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, రంగు పోతుంది. ఆసిడ్ చాలకపోతే మధ్యలో ప్లస్ నాలుగు దగ్గరే ఆగిపోతుంది. అది మాంగనీస్ డయాక్సైడ్, గోధుమరంగు మడ్డి. ఫ్లాస్కులో టీ నీళ్ల రంగు కనబడిందంటే పారబోసి మళ్లీ చేయండి. ఎలక్ట్రాన్ల లెక్కే మారిపోయింది, ఇక ఏ ఫార్ములా వేసినా తప్పే. కొళాయి గబగబా వదిలినా ఇలాగే అవుతుంది.

మరి సల్ఫ్యూరిక్ ఆసిడే ఎందుకు? హైడ్రోక్లోరిక్ వేస్తే ఏటవుతుంది? పర్మాంగనేట్ దానిలో క్లోరైడ్‌ని కూడా క్లోరిన్‌గా మార్చేస్తుంది, మీ పర్మాంగనేట్ రెండు పనులకి ఖర్చయిపోతుంది, రీడింగు పెరుగుతుంది. నైట్రిక్ వేస్తే? అదే ఒక ఆక్సీకరణి, పర్మాంగనేట్ చేయాల్సిన పని అది చేసేస్తుంది, రీడింగు తగ్గుతుంది. సల్ఫ్యూరిక్ ఏ గొడవలోనూ తలదూర్చదు. వైవాలో అడిగే ప్రశ్న ఇది.

వేడి చేయండి. 60 నుంచి 70 డిగ్రీలు. థర్మామీటరు లేదా? ఫ్లాస్కు మెడ పట్టుకోగలగాలి, అడుగు మాత్రం పట్టుకోలేనంత వేడిగా ఉండాలి. మరగనివ్వకండి, మరిగిస్తే ఆక్సాలిక్ ఆసిడే విడిపోవడం మొదలుపెడుతుంది. ఇప్పుడు మొదటి చుక్క వదలండి. ఇక్కడ అందరూ మోసపోతారు. గులాబీ రంగు అలాగే నిలబడిపోతుంది. "సార్, ఎండ్ పాయింట్ వచ్చేసింది, 0.1!" అంటారు, అంటే చర్య పూర్తయిపోయిందని. ఆగండి. తిప్పుతూ ఉండండి. కాసేపటికి మెల్లగా పోతుంది. రెండో చుక్క కొంచెం త్వరగా పోతుంది. తర్వాత చుక్కలు పడీ పడగానే మాయం. ఎందుకంటే ఈ చర్యలో పుట్టే మాంగనీస్ ప్లస్ రెండు అయానే దీనికి ఉత్ప్రేరకం. మొదట్లో అది లేదు, అందుకే నత్తనడక. కాస్త పుట్టాక పరుగు. కైనెటిక్స్‌లో, ఆటో కెటాలిసిస్ అని ఒక లైను ఉంటుంది, పిల్లలు దాన్ని రెండు మార్కుల నిర్వచనంగా చదువుతారు. మీ చేతిలో ఫ్లాస్కులో జరుగుతోంది అది!

ఆఖర్లో ఒక్కో చుక్కా వదలండి. చుక్క అంటే సుమారు 0.05 మిల్లీలీటరు. కింద తెల్ల కాగితమో, తెల్ల టైల్ ముక్కో పెట్టుకోండి. లేత గులాబీ, చాలా లేత, అర నిమిషం నిలబడాలి. అది ఎండ్ పాయింట్. ముదురు గులాబీ అయిందంటే దాటేశారు. ఇండికేటరు అక్కర్లేదు, పర్మాంగనేటే తన ఇండికేటరు. మొదటిది అంచనా కోసం, తర్వాత రెండు రీడింగులు ఒకటే వచ్చేదాకా చేయాలి. మూడుసార్లూ చేయకుండానే 19.6, 19.6, 19.6 అని రాసేస్తారు కొందరు. పరీక్షకుడికి తెలుస్తుంది బాబూ. నిజంగా చేసినవాడి కాగితం మీద మొదటి రీడింగు కాస్త ఎక్కువే ఉంటుంది.

19.6 నిజంగానే వచ్చిందనుకుందాం. ఇప్పుడు లెక్క. మాంగనీస్ ఒక్కోటి అయిదు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. ఆక్సాలిక్ ఆసిడ్‌లో రెండు కార్బన్లు, ఒక్కోటి ప్లస్ మూడు నుంచి ప్లస్ నాలుగుకి, అంటే అణువుకి రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ఇచ్చినవీ తీసుకున్నవీ సమానం కావాలి. కాబట్టి రెండు పర్మాంగనేట్‌లకి అయిదు ఆక్సాలిక్‌లు. ఈ రెండూ అయిదూ ఎక్కడివో తెలిస్తే ఫార్ములా మర్చిపోయినా ఫరవాలేదు. ఆక్సాలిక్: 20 మిల్లీలీటర్లు ఇంటూ 0.05, ఒక మిల్లీమోల్. దానికి కావలసిన పర్మాంగనేట్, అయిదింట రెండు వంతులు, 0.4 మిల్లీమోల్. అది 19.6 మిల్లీలీటర్లలో ఉంది. 0.4 బై 19.6, 0.0204 మోలార్. లీటరుకి ఎన్ని గ్రాములు? పర్మాంగనేట్ 158, గుణిస్తే 3.22 గ్రాములు. అయిపోయింది. ఇందులో మీకు రానిది ఏదైనా ఉందా?

ఆక్సాలిక్‌కి బదులు మోర్స్ సాల్ట్, అంటే ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్, ఇచ్చారనుకోండి. అణుభారం 392, ఇక్కడ అయిదు ఐరన్‌లకి ఒక పర్మాంగనేట్. కానీ వేడి చేయకూడదు! ఐరన్ ప్లస్ రెండు గాలికే ప్లస్ మూడు అయిపోతుంది, వేడిలో ఇంకా తొందరగా. ద్రావణం కలిపేటప్పుడే కాస్త సల్ఫ్యూరిక్ పోయాలి, లేదంటే నీళ్లతో చర్య జరిగి పసుపుగా మసకబారుతుంది. ఆక్సాలిక్‌కి వేడి చేయాలి, మోర్స్‌కి చేయకూడదు. పరీక్షలో ఈ రెండూ తారుమారు చేసేవాళ్లు ఎక్కువ. కారణం తెలిస్తే తారుమారు కావు.

లెక్కపెట్టండి, ఇప్పటిదాకా ఎన్ని చాప్టర్లు తాకాం? మోల్, ద్రావణాలు, రెడాక్స్, కైనెటిక్స్. డీ-బ్లాక్ మూలకాలు కూడా, ఎందుకంటే మాంగనీస్ అక్కడిదే. మాంగనీస్ అంటే ఎక్కడో అనుకోకండి. పక్క జిల్లా, గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీస్ గనులున్నాయి. ఆ ఖనిజంలో ఉండే మాంగనీస్ డయాక్సైడ్‌ని పొటాషియం హైడ్రాక్సైడ్‌తో గాలి తగిలేలా కరిగిస్తే ఆకుపచ్చ మాంగనేట్ వస్తుంది, దాన్ని ఆక్సీకరిస్తే ఊదా పర్మాంగనేట్. మీ టెక్స్ట్‌బుక్కులో పర్మాంగనేట్ తయారీ అని ఉన్న పేరా ఇదే. ఫ్లాస్కులో తప్పు చేసినప్పుడు వచ్చిన గోధుమ మడ్డి గుర్తుందా? అదే ఆ ఖనిజం.

సాల్ట్ అనాలిసిస్, అంటే ఇచ్చిన లవణంలో ఏ అయాన్లు ఉన్నాయో కనిపెట్టడం, దాని సంగతి కొంచెం చెప్తాను. ఇక్కడ ఎక్కువ తప్పులకి మూలం నీళ్లు. డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందని కొళాయి నీళ్లు పడతారు. మన తీరం వైపు బోరునీళ్లలో క్లోరైడ్ ఉంటుంది. వట్టి బోరునీళ్లలో రెండు చుక్కలు సిల్వర్ నైట్రేట్ వేసి చూడండి, పాలలాగా తెల్లబడుతుంది. మీకిచ్చిన సాల్ట్‌లో క్లోరైడ్ లేకపోయినా "క్లోరైడ్ ఉంది" అని రాసేస్తారు. అలాగే సోడియం కార్బొనేట్ ఎక్స్‌ట్రాక్ట్‌ని, అంటే సాల్ట్‌ని సోడియం కార్బొనేట్‌తో మరిగించి వడకట్టిన ద్రావణాన్ని, సిల్వర్ నైట్రేట్ పరీక్షకి ముందు డైల్యూట్ నైట్రిక్ ఆసిడ్‌తో తటస్థం చేయాలి. హైడ్రోక్లోరిక్ పోస్తే క్లోరైడ్ మీరే వేసినట్టు! అసలు నైట్రిక్ పోయడమే మర్చిపోతే సిల్వర్ కార్బొనేట్ పడుతుంది, అది కూడా తెల్లగానే ఉంటుంది. నురుగు పోయి బుడగలు ఆగేదాకా పోయండి.

లోహ అయాన్లని గ్రూపులుగా విడదీసేటప్పుడు, మూడో గ్రూపులో అమ్మోనియం క్లోరైడ్ ముందు, అమ్మోనియం హైడ్రాక్సైడ్ తర్వాత. వరస మారిస్తే? అమ్మోనియం హైడ్రాక్సైడ్ ఒక్కటే అయితే హైడ్రాక్సైడ్ అయాన్లు ఎక్కువగా ఉంటాయి, ఐరన్, అల్యూమినియంతో పాటు మెగ్నీషియం కూడా ఇక్కడే పడిపోతుంది. అమ్మోనియం క్లోరైడ్ ముందు వేస్తే దాని అమ్మోనియం అయాన్లు ఆ హైడ్రాక్సైడ్‌లని తొక్కిపెడతాయి. ఐరన్, అల్యూమినియం, క్రోమియంకి ఆ కాస్త చాలు, మిగతావాటికి చాలదు. ఇదే ఉమ్మడి అయాన్ ఫలితం. ఈక్విలిబ్రియం చాప్టర్లో మీరు భయపడే చోటు.

టెక్కలి, సంతబొమ్మాళి వైపు వాళ్లకి నౌపడ ఉప్పు మళ్లు తెలుసు. ఆ ముడి ఉప్పు వర్షాకాలంలో చెమ్మెక్కి నీళ్లు కారుతుంది. అది ఉప్పు తప్పు కాదు, దానిలో మిగిలిన మెగ్నీషియం క్లోరైడ్ తప్పు, గాలిలో తేమ పీల్చేది అది. శుద్ధి చేయాలంటే ఉప్పుని సంతృప్త ద్రావణం చేసి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు పంపిస్తారు. క్లోరైడ్ అయాన్లు పెరగ్గానే సోడియం క్లోరైడ్ అడుగుకి పడిపోతుంది, మెగ్నీషియం ద్రావణంలోనే ఉండిపోతుంది. మూడో గ్రూపులో చేసిన పనే ఇది, దినుసులే వేరు.

ఫిజికల్ కెమిస్ట్రీలో మార్కులు పోయేది యూనిట్ల దగ్గర. వాయు స్థిరాంకం 0.0821 వేశారా, పీడనం అట్మాస్ఫియర్లలో, ఘనపరిమాణం లీటర్లలో ఉండాలి. 8.314 వేశారా, జౌళ్లు. ఉష్ణోగ్రత ఎప్పుడూ కెల్విన్. గిబ్స్ శక్తి లెక్కలో ఎంథాల్పీ కిలోజౌళ్లలో ఇస్తాడు, ఎంట్రోపీ జౌళ్లలో ఇస్తాడు, కావాలనే ఇస్తాడు. ఒకదాన్ని మార్చుకోకపోతే ఆ భాగం వెయ్యి రెట్లు తేడా, జవాబు తప్పు. ఈఏపీసెట్‌లో కాలిక్యులేటరు ఉండదు, కాబట్టి మూడు లాగ్‌లు నోటికి రావాలి: 2కి 0.3010, 3కి 0.4771, 7కి 0.8451. బట్టీ పట్టమంటున్నాను, అవును, ఇవి బట్టీ పట్టండి. 0.02 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్ పీహెచ్ ఎంత? 2 లోంచి 0.3010 తీసేయండి, 1.70. మరి 10⁻⁸ మోలార్ ఆసిడ్‌కి? "8" అన్నారెవరో. ఆసిడ్ కలిపితే నీళ్లు క్షారం అయిపోతాయా తల్లీ? నీళ్లకి సొంతంగా 10⁻⁷ ఉంది, నీళ్ల సమతాస్థితితో సహా దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. 6.98.

ఆర్గానిక్ గురించి ఎక్కువ చెప్పను. నేమ్ రియాక్షన్లు జాబితాలా చదవకండి, ఒక పెద్ద కాగితం మీద పటంలా గీసుకోండి. ఎసిటిలిన్ నుంచి ఎసిటాల్డిహైడ్, అక్కడి నుంచి ఎసిటిక్ ఆసిడ్, బాణం మీద రీఏజెంటు. వారానికి రెండు బాణాలు కలుపుకుంటూ పోతే రెండో ఏడాదికి గోడంత అవుతుంది. ల్యాబ్‌లో టోలెన్స్ టెస్టు, అంటే ఆల్డిహైడ్ ఉంటే గాజు మీద వెండి అద్దం కట్టే పరీక్ష, చేస్తే టెస్ట్‌ట్యూబు బాగా కడగండి. జిడ్డు ఉంటే అద్దం రాదు, నల్లటి పొడి వస్తుంది. మంట మీద పెట్టకండి, వేడి నీళ్లలో పెట్టండి. మిగిలిన టోలెన్స్ రీఏజెంటు సీసాలో దాచకండి, ఆరిపోతే పేలే పదార్థం తయారవుతుంది. పని అవగానే డైల్యూట్ ఆసిడ్ పోసి సింకులో నీళ్లతో వదిలేయండి.

అమ్మా, నాన్నగార్లూ, మీకొక మాట. కాలేజీలో చేర్చేటప్పుడు హాస్టలు, ఏసీ, ర్యాంకుల ఫ్లెక్సీలు చూస్తారు. ఒక్కసారి ల్యాబ్ చూపించమని అడగండి. బ్యూరెట్లు ఎన్ని, కొళాయిలు తిరుగుతున్నాయా, వాష్‌బాటిళ్లలో నీళ్లున్నాయా, బ్యాలెన్సు పనిచేస్తోందా. తాళంచెవి వెతకడానికి పది నిమిషాలు పట్టిందంటే మీకు జవాబు దొరికినట్టే. ప్రాక్టికల్స్ రెండో ఏడాది పరీక్ష ముందు వారంలో చూపించేస్తే చాలు అనుకునే చోట్లున్నాయి. అప్పటికి రెండేళ్ల థియరీ కళ్లకి కనబడకుండానే చదివేసుంటారు పిల్లలు.

చీటీలు వచ్చాయి, రెండు చదువుతాను. "తెలుగు మీడియం నుంచి వచ్చాను, ఇంగ్లీషులో అర్థం కావట్లేదు, ఏం చెయ్యాలి?" ముందు తెలుగులోనే అర్థం చేసుకో అమ్మా, తెలుగు అకాడమీ పుస్తకం పక్కన పెట్టుకో. ఒక పేజీ తెలుగులో చదివి, అదే పేజీ ఇంగ్లీషులో చదువు. మూడు నెలలు అలా చేస్తే పదాలు వాటంతటవే వచ్చేస్తాయి. లెక్కలకి ఏ భాషా అడ్డం రాదు, అక్కడి నుంచి మొదలుపెట్టు.

రెండోది, ఇది బాగుంది. "పర్మాంగనేట్ చేతికంటితే గోధుమ మరక పడింది, పోవట్లేదు." చేతిది వదిలేయ్, చర్మం రాలినప్పుడు అదే పోతుంది, రెండు మూడు రోజులు. కానీ బ్యూరెట్‌లో పడిన మరకని వదలకూడదు, కొళాయి బిగుసుకుపోతుంది, గీతలు కనబడవు. అది ఏ పదార్థమో ఇందాకే చెప్పాను కదా? మాంగనీస్ డయాక్సైడ్. మిగిలిన ఆక్సాలిక్ ఆసిడ్‌లో కాస్త సల్ఫ్యూరిక్ కలిపి బ్యూరెట్‌లో పోసి కాసేపు ఉంచండి. మరక కరిగి తెల్లగా అవుతుంది. తర్వాత నీళ్లతో రెండుసార్లు కడిగి, కొళాయి తెరిచి, తలకిందులుగా స్టాండుకి బిగించి వెళ్లండి. ఎంత ఆక్సాలిక్ ఖర్చయిందో లెక్క కట్టాలనుకున్నవాళ్లు కట్టుకోండి. అక్కడ మాంగనీస్ ప్లస్ నాలుగు నుంచి ప్లస్ రెండుకి దిగుతుంది, అంటే రెండు ఎలక్ట్రాన్లే.